పడుకుని ఉన్న మ్యూల్ డీర్‌ను సమీపించడానికి పగటిపూట ఏ వేళ అనువైనది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో సెప్టెంబర్ నెల విల్లు వేటకు మీకు మ్యూల్ డీర్ (పశ్చిమ అమెరికాలో తిరిగే పెద్ద చెవుల జింక) లైసెన్సు డ్రాలో, అంటే లాటరీలో, వచ్చింది. వేటాడవలసిన చోటు చెట్లు పెరగడం ఆగిపోయే ఎత్తున, అంటే దాదాపు 11,500 అడుగుల దగ్గర ఉంది. తెల్లవారుజామున, సాయంత్రం వేటాడమని అందరూ చెబుతున్నారు. కానీ ఉదయం మీరు మగజింకను చూసి బయలుదేరే సరికే అది పడుకుంటోంది. మీరు దగ్గరికి చేరే లోపల లేచి వెళ్లిపోతోంది. అలాంటప్పుడు పడుకున్న జింక మీదికి వెళ్లడానికి వేరే వేళ ఏదైనా ఉందా అన్నది మీ సందేహం. ఉంది. తొలిపొద్దు జింకను చూడడానికి మంచి వేళ. దాని దగ్గరికి నడవడానికి మంచి వేళ మాత్రం సెప్టెంబర్‌లో ఉదయం సుమారు 11 గంటల నుంచి మధ్యాహ్నం 3 గంటల వరకు ఉంటుంది. ఆ నాలుగు గంటలలోనూ సరిగ్గా ఎప్పుడు కదలాలన్నది గడియారాన్ని బట్టి కాక రెండు విషయాలను బట్టి నిర్ణయించాలి: జింక తన రెండవ పడకకు మారిందా లేదా, కొండవాలు మీద గాలి ఒకే దిక్కుకు స్థిరపడిందా లేదా. మిగతాదంతా ఈ రెండింటి వివరణే.

ముందుగా జింక పగలు ఎందుకు పడుకుంటుందో చూద్దాం. జింక నిద్ర కోసం కాక ముఖ్యంగా నెమరు వేయడానికి పడుకుంటుంది. ఆవు, మేకల మాదిరిగానే దాని పొట్టకు కూడా నాలుగు గదులు ఉంటాయి. వెలుగు తక్కువగా ఉన్న వేళల్లో గబగబా మేసిన దానిని సురక్షితమైన చోట కూర్చుని తిరిగి నమిలి అరిగించుకోవాలి. మధ్యాహ్నం చింతచెట్టు కింద పడుకుని నెమరు వేసే మన ఊరి ఆవును కాసేపు గమనించిన వారికి మగజింక పగటి దినచర్య సగం అర్థమైనట్లే. అది కళ్లు అరమోడ్చినా చెవులు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. నిజంగా కునుకు తీసేది చాలా కొద్దిసేపే, అదీ ముక్కలు ముక్కలుగానే. గంటకో రెండు మూడు గంటలకో ఒకసారి లేచి, ఒళ్లు విరుచుకుని, మూత్రం పోసి, పక్కనున్న నాలుగు రెమ్మలు కొరికి, మళ్లీ అక్కడే లేదా ఆ దగ్గరలోనే పడుకుంటుంది. కాబట్టి పడుకున్న జింక సాయంత్రం దాకా కదలదని అనుకోకూడదు, అలాగే లేచిన ప్రతిసారీ అది వెళ్లిపోతోందనీ అనుకోకూడదు.

మీకు ఎదురవుతున్న ఇబ్బంది మొదటి పడకకు సంబంధించినది. సెప్టెంబర్ మధ్యలో డెన్వర్ ప్రాంతంలో సూర్యోదయం ఉదయం 6:40 ప్రాంతంలో అవుతుంది. మగజింకలు సాధారణంగా ఆ తర్వాత గంట, రెండు గంటల వరకు మేసి 8, 9 గంటల నడుమ మొదటిసారి పడుకుంటాయి. ఆ చోటు చాలా సందర్భాలలో తాత్కాలికమే. అప్పటికి సూర్యుడు ఇంకా ఏటవాలుగానే ఉంటాడు కాబట్టి, ఆ క్షణాన నీడ ఉన్న చోటల్లా రోజంతా నీడలో ఉండదు. పొద్దెక్కి ఎండ మీద పడగానే, శీతాకాలపు బొచ్చు అప్పటికే మొలుస్తున్న జింకకు ఉక్కపోత మొదలవుతుంది. అప్పుడది లేచి మరింత గట్టి నీడను వెతుక్కుంటుంది. అది రాతి గోడ మొదలు కావచ్చు, కురచ స్ప్రూస్ చెట్ల గుంపు కావచ్చు, ఉత్తరం వైపు వాలులోని విల్లో పొదలు కావచ్చు. ఈ మార్పు తరచుగా 10 నుంచి 11 గంటల మధ్య జరుగుతుంది. మీరు 8:30కి చూసి, 9 గంటలకు బయలుదేరి, 10:30కి అక్కడికి చేరితే సరిగ్గా ఆ మార్పు జరిగే వేళకు చేరినట్లు అవుతుంది. జింక మిమ్మల్ని పసిగట్టకపోయినా సరే, తన అవసరం కోసం తానే లేచి నడుస్తుంది; అప్పుడు మీరు ఆరుబయట నిలబడి ఉంటారు.

కనుక మొదటి పడకను చూసి ఎంత ఉత్సాహం కలిగినా కూర్చునే ఉండండి. జింక లేచి, చోటు మార్చి, రెండవసారి పడుకునే వరకు స్పాటింగ్ స్కోప్ (స్టాండు మీద పెట్టి చూసే దూరదర్శిని) నుంచి కన్ను తీయవద్దు. రెండవ పడకలో అది తల దించి నెమరు మొదలుపెట్టిన తర్వాత మరో పదిహేను, ఇరవై నిమిషాలు చూసి అప్పుడు కదలండి. ఆ పడకలో అది మధ్యాహ్నపు ఎండ తగ్గే వరకు, మధ్యలో ఒకటి రెండు సార్లు లేచినా, ఎక్కువగా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఈ వేటలో ఓర్పు అత్యధికంగా అవసరమయ్యేది ఇక్కడేనని నా అభిప్రాయం. చివరి నలభై గజాల కన్నా ఈ నిరీక్షణే కష్టం, ఎందుకంటే చేతిలో చేయడానికి పని ఉండదు, ఎదురుగా జింక కనబడుతూ ఉంటుంది.

ఇక గాలి. పర్వతాల మీద ప్రశాంతమైన రోజున గాలి రెండు రకాలుగా నడుస్తుంది. రాత్రంతా నేల చల్లబడుతుంది, దానిని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కి, వాలు వెంట నీటిలా దిగువకు జారుతుంది. పొద్దెక్కి ఎండ వాలును వేడి చేసిన తర్వాత ఆ గాలి తేలికై వాలు వెంట ఎగువకు పాకుతుంది. వేటగాళ్లు ఈ రెంటినీ కలిపి థర్మల్స్ అంటారు. తెల్లవారుజామున మీ వాసన లోయలోకి జారుతుంది. మధ్యాహ్నం అది శిఖరం వైపు లేస్తుంది. సాయంత్రం నీడ పడగానే మళ్లీ దిగువకు తిరుగుతుంది. ఈ రెండు స్థితుల నడుమ మారే వేళ అన్నింటి కన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఆ గంటా గంటన్నర సేపు గాలికి దిక్కు ఉండదు. ఒకసారి పైకి, ఒకసారి పక్కకు, ఒకసారి సుడి తిరిగి వెనక్కు వస్తుంది. సెప్టెంబర్‌లో ఉదయం ఆ మార్పు వేళ సుమారు 8 నుంచి 10 వరకు ఉంటుంది. అంటే జింక మొదటి పడకలో ఉన్న వేళ, గాలి తికమకపడే వేళ, రెండూ ఒక్కటే. మొదటి పడక మీదికి వెళ్లవద్దని చెప్పడానికి ఇది రెండవ కారణం, నా దృష్టిలో మొదటి దాని కన్నా బలమైన కారణం. జింక చూపును చెట్టు చాటున, రాయి చాటున తప్పించుకోవచ్చు. దాని చెవిని మెల్లని అడుగుతో కొంతవరకు మభ్యపెట్టవచ్చు. దాని ముక్కు నుంచి తప్పించుకోవడానికి గాలివాటం తప్ప వేరే ఉపాయం లేదు. వాసన పోగొట్టే సబ్బులు, స్ప్రేలు అమ్మేవారు ఏమి చెప్పినా నేను వాటి మీద ఆధారపడి దారి ఎంచుకోను.

ఈ థర్మల్స్ అన్ని వాలుల మీద ఒకే గంటకు మొదలుకావన్న సంగతిని చాలామంది పట్టించుకోరు. తూర్పు ముఖంగా ఉన్న వాలుకు ఎండ మొదట తగులుతుంది. అక్కడ ఎగువ గాలి, అంటే ఎగువకు పాకే గాలి, తొందరగా మొదలై, 10 గంటలకే నిలకడ పొందవచ్చు. కానీ అదే వాలు మధ్యాహ్నం 3, 4 గంటలకే శిఖరపు నీడలోకి వెళ్లిపోతుంది, గాలి కూడా అప్పుడే తిరగడం మొదలుపెడుతుంది. కాబట్టి తూర్పు వాలు మీద పడుకున్న జింక కోసం 10 నుంచి 2 వరకు అనుకోండి. పడమటి వాలుకు ఎండ ఆలస్యంగా వస్తుంది. అక్కడ మధ్యాహ్నం 12 దాటే వరకు ఆగడం మేలు, కానీ సాయంత్రం దాదాపు 5 గంటల వరకు గాలి నమ్మదగినదిగా ఉంటుంది. దక్షిణపు వాలు మీద ఎగువ గాలి అన్నింటి కన్నా బలంగా, ఎక్కువ సేపు ఉంటుంది. ఉత్తరపు వాలు మీద, అంటే సెప్టెంబర్ ఎండల్లో పెద్ద మగజింకలు ఇష్టపడే చోట, థర్మల్స్ రోజంతా బలహీనంగానే ఉంటాయి. అక్కడ ఆ రోజు వీచే అసలు గాలి ఏదో దానినే చూసుకోవాలి. మీరు వేళ అడిగారు కాబట్టి చెబుతున్నాను: జింక ఏ ముఖంగా ఉన్న వాలు మీద పడుకుందో తెలియకుండా ఎవరైనా ఒక గంటను సూచిస్తే ఆ సలహా అసంపూర్ణం.

గడియారం గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. వేసవి సమయం (గడియారాలను గంట ముందుకు తిప్పి ఉంచే పద్ధతి) అమలులో ఉన్నంత కాలం డెన్వర్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది 12 గంటలకు కాదు, మధ్యాహ్నం దాదాపు 12:55కు. నేను చెప్పిన 11 నుంచి 3 అన్నది ఆ నిజమైన మిట్టమధ్యాహ్నానికి అటూ ఇటూ రెండేసి గంటలు. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కు తిప్పిన తర్వాత సూర్యుడు 11:45కే నడినెత్తికి వస్తాడు, కనుక అప్పుడు ఇదే వ్యవధి సుమారు 10 నుంచి 2 వరకు అవుతుంది. అక్టోబర్ అలవాటుతో నవంబర్‌లో 3 గంటలకు నడక మొదలుపెట్టిన వారికి దిగువకు జారే గాలి ఎదురవడం సహజం.

గాలి ఎగువకు వీస్తున్నప్పుడు జింకను పై నుంచి సమీపించాలి. ఇది ఒక్కటి పాటిస్తే సగం కష్టం తీరుతుంది. మగజింక సాధారణంగా వెనుక రాతి గోడనో దట్టమైన పొదనో పెట్టుకుని, ముఖం దిగువకు తిప్పి పడుకుంటుంది. దిగువ నుంచి వచ్చేదానిని చూపుతోను, పగటిపూట ఎగువకు పాకే గాలి వల్ల ముక్కుతోను కనిపెడుతుంది. పై నుంచి వచ్చేదానిని గమనించే ఏర్పాటు దానికి తక్కువ. మీరు పైన ఉంటే మీ వాసన మీ కన్నా పైకి, జింకకు దూరంగా పోతుంది. తెల్లవారుజామున ఇదే దారి పూర్తిగా తప్పు. అప్పుడు పై నుంచి దిగేవాని వాసన వాని కన్నా ముందు జింకను చేరుతుంది. ఉదయం లోయకు అవతలి వాలున కూర్చుని చూడడం, ఎండ ఎక్కాక చుట్టూ తిరిగి జింక ఉన్న వాలుకు పైనున్న గట్టు (కొండ అంచు) మీదికి చేరడం, మధ్యాహ్నం పై నుంచి దిగడం అన్న క్రమం గాలి తిరిగే క్రమం నుంచే పుట్టింది.

అయితే ఒక మినహాయింపు ఉంది. కొలరాడో ఎత్తుల మీద పడమర, నైరుతి గాలులు ఎక్కువ. అవి బలంగా వీచే రోజున థర్మల్స్ వాటి ముందు నిలవవు. జింక తూర్పు వైపు, శిఖరానికి కాస్త దిగువన, గాలి తగలని మరుగున పడుకుని ఉంటే, పడమటి వైపు నుంచి గట్టు దాటి వచ్చే మీ వాసనను గాలి మోసుకువచ్చి ఆ మరుగులో సుడి తిప్పుతుంది. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా మిమ్మల్ని కాపాడదు. ఆ స్థితిలో గట్టు మీదుగా కాక పక్క నుంచి, గాలికి అడ్డంగా, జింకతో సమానమైన ఎత్తున లేదా కొద్దిగా పైన వెళ్లే దారి ఉందేమో చూడండి. లేకపోతే ఆ జింకను ఆ రోజుకు వదిలివేయడమే సరైన నిర్ణయం. దూరం నుంచి చూసే మీకు ఈ గాలి తెలియదు కాబట్టి, నడిచేటప్పుడు తరచుగా పరీక్షించుకోవాలి. పొడి నింపిన చిన్న సీసాలు దుకాణాలలో దొరుకుతాయి కానీ పొడి రెండు మూడు గజాలు వెళ్లేసరికి కనబడదు. మిల్క్‌వీడ్ కాయలోని దూది ఇంతకన్నా మేలు. మన జిల్లేడు దూదికి అది దగ్గరి చుట్టం. ఒక్క పోగు వదిలితే చాలా దూరం తేలుతూ, ఎక్కడ ఎగిసిందో ఎక్కడ వెనక్కు తిరిగిందో కంటికి చూపిస్తుంది.

ఉదయపు పరిశీలన గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, మీరు దానిని బాగానే చేస్తున్నారని మీ మాటల వల్లే తెలుస్తోంది. ఒకటి రెండు సూచనలు మాత్రం చేస్తాను. వీలైనంత వరకు సూర్యుడు మీ వెనుక ఉండేలా కూర్చోండి. బైనాక్యులర్స్‌ను ట్రైపాడ్ మీద బిగించి చూస్తే, చేతితో పట్టుకున్నప్పుడు కనబడని చెవి కదలిక, కొమ్ము కొస కూడా కనబడతాయి. జింక రెండవ పడకలో కుదురుకున్నాక దాని చుట్టూ ఉన్న గుర్తులను, అంటే తెల్లటి రాయిని, ఎండిపోయిన మానును, పచ్చిక పట్టీని ఫోనుతో ఫోటో తీసుకోండి. లోయ అవతలి నుంచి చూసిన వాలు, గట్టు మీద నుంచి చూస్తే గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఎదురుగా స్పష్టంగా కనిపించిన రాయి పై నుంచి చూస్తే నేలలో కలిసిపోతుంది. కాబట్టి జింకకు పై భాగాన ఉన్న గుర్తులనే ఎక్కువగా ఎంచుకోవాలి, ఎందుకంటే మీకు మొదట కనబడేవి అవే.

తర్వాత లెక్క. అనుభవం లేనివారు నడకకు పట్టే సమయాన్ని తక్కువ అంచనా వేస్తారు. ఆ ఎత్తున మైలు దూరం చుట్టి గట్టు ఎక్కడానికే గంటన్నర పట్టవచ్చు. చివరి రెండు వందల గజాలకు మరో గంట, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ. జింక 10:45కు రెండవ పడకలో కుదురుకుందని అనుకుందాం. మీరు 11:05కు బయలుదేరితే 12:35 ప్రాంతంలో గట్టు మీద ఉంటారు. కాసేపు ఊపిరి తీసుకుని, గుర్తులు సరిచూసుకుని, గాలి పరీక్షించి దిగడం మొదలుపెడితే 1:45కు విల్లు అందే దూరానికి వస్తారు. అక్కడ జింక లేవడం కోసం ఎదురుచూడడానికి గాలి తిరిగే లోపల మీకు ఇంకా గంటకు పైగా మిగులుతుంది. ఇదే జింక 12:30కు కనబడి ఉంటే, నడకకు మూడు గంటలు కావలసి ఉంటే, అది తూర్పు వాలు మీద ఉంటే, బయలుదేరకపోవడమే మంచిది. గాలి తిరిగే వేళ నుంచి వెనక్కు లెక్కించి, దానికి గంట ముందు మీరు జింక దగ్గర ఉండగలరా అని ప్రశ్నించుకోవాలి.

చప్పుడు విషయంలో కూడా మధ్యాహ్నమే అనుకూలం, అయితే కారణం వేరు. తెల్లవారుజామున మంచుగడ్డ కట్టిన గడ్డి అడుగు అడుగుకూ విరుగుతుంది, గాలి మందగించి ఉండడం వల్ల చిన్న శబ్దం కూడా లోయ దాటి వినబడుతుంది. మధ్యాహ్నం నేల ఎండిపోయి రాళ్లు దొర్లే మాట నిజమే, కానీ పొదలను కదిపే గాలి ఆ శబ్దాన్ని కొంత మింగేస్తుంది. గాలి విసిరినప్పుడు అడుగు వేయడం, ఆగినప్పుడు ఆగడం అలవాటు చేసుకోండి. చివరి వంద గజాలలో బూట్లు విప్పి మందపాటి మేజోళ్లతో నడవడం ఈ వేటలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. పాదం కింద పుల్ల ఉందో రాయి ఉందో బరువు మోపక ముందే తెలుస్తుంది. బూట్లు విప్పిన చోటును మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి.

వెలుతురు కూడా చూసుకోవాలి. జింక కళ్లు తలకు పక్కల ఉండడం వల్ల దానికి దాదాపు 300 డిగ్రీల మేర కనబడుతుంది, కదలికను అది చాలా దూరం నుంచి పట్టుకుంటుంది. అయితే కదలనిదానిని పోల్చుకోవడంలో బలహీనం, నారింజ, ఎరుపు రంగులు దానికి ప్రత్యేకంగా కనబడవు. మధ్యాహ్నపు ఎండలో వెలుగు, నీడల మధ్య తేడా ఎక్కువగా ఉంటుంది కనుక మీరు నీడ పట్టున నడిస్తే ఆ తేడాయే మీకు మరుగు అవుతుంది. పడమటి వాలు మీద మధ్యాహ్నం 3 దాటాక పై నుంచి దిగేటప్పుడు ఎండ మీ ముఖాన పడుతుంది, మీ నీడ మాత్రం వెనక్కు, ఎగువకు వాలుతుంది. అదే తూర్పు వాలు మీద మీ నీడ మీకన్నా ముందు దిగువకు పాకుతుంది. పొడవైన నీడ జింక ముందు కదలడం మనిషి కదలడంతో సమానం.

మీరు వెళ్లే నెలలో మధ్యాహ్నానికి ఉన్న పెద్ద ప్రతికూలత పిడుగులు. కొలరాడో పర్వతాల మీద జూలై నుంచి సెప్టెంబర్ తొలి రోజుల వరకు మధ్యాహ్నం ఉరుముల వానలు మామూలే. చెట్లు లేని గట్టు మీద మీరే ఎత్తయిన వస్తువు. ఉదయం 11 గంటలకే మేఘాలు నిలువుగా పెరుగుతుంటే ఆ రోజు గట్టు ఎక్కే ఆలోచన మానుకోండి. ఎంత పెద్ద కొమ్ముల జింక అయినా సరే. వాన వెలిసిన తర్వాతి గంట మాత్రం నాకు చాలా ఇష్టమైన వేళ. జింకలు లేచి నీళ్లు దులుపుకుని మేస్తాయి, నేల తడిసి అడుగుల చప్పుడు వినబడదు. కానీ నేల చల్లబడినందువల్ల గాలి సాయంత్రం మాదిరిగా దిగువకు జారుతుందని గుర్తుంచుకోండి. గడియారం 2 గంటలు చూపినా అప్పుడు పై నుంచి దిగకూడదు. మేఘం నీడ పడిన పది నిమిషాలకే ఎగువ గాలి ఆగిపోవడం కూడా జరుగుతుంది. అందుకే మబ్బులు పట్టే రోజున చివరి భాగం దిగేటప్పుడు దూదిని మరింత తరచుగా వదలాలి.

విల్లు అందే దూరానికి చేరాక తొందరపడకండి. జింకను లేపడానికి రాయి విసరడం, ఈల వేయడం కొందరు చేస్తారు; ఉలిక్కిపడి లేచిన జింక నిలబడి ఉండేది ఒకటి రెండు క్షణాలు మాత్రమే, బాణం శబ్దానికి అది వంగి తప్పించుకునే అవకాశమూ ఎక్కువ. తనంత తాను లేచిన జింక ఒళ్లు విరుచుకుంటుంది, తల అటు తిప్పుతుంది, మీకు నిదానంగా విల్లు లాగే వ్యవధి ఇస్తుంది. పడుకుని ఉన్నప్పుడే బాణం వేయవచ్చా అన్న దానిపై అభిప్రాయ భేదాలు ఉన్నాయి. నేను వద్దనే అంటాను. ముందుకాలు మడిచి పడుకున్నప్పుడు భుజపు ఎముక, మోచేయి ఉండే చోటు మారుతుంది, ఊపిరితిత్తులకు నేరుగా దారి తగ్గుతుంది, పై నుంచి వేసే కోణం దానికి తోడవుతుంది. నిలబడిన జింక మీద సాధన చేసిన కంటికి ఆ గురి తప్పుతుంది. మధ్యాహ్నం 1 నుంచి 3 లోపల నీడ జరిగి ఎండ మీద పడినప్పుడు అది ఎటూ ఒకసారి లేస్తుంది. మీరు రావలసిన వేళను 11 నుంచి 3 అని నిర్ణయించడంలో ఇది కూడా ఒక లెక్క.

3:30, 4 గంటల వరకు జింక లేవకపోతే, లేదా మీరు ఇంకా వంద గజాల దూరంలోనే ఉంటే, వచ్చిన దారినే పైకి వెనుదిరగండి. గాలి తిరిగే వరకు అక్కడే ఉండి దానిని బెదరగొడితే ఆ బేసిన్‌ను (కొండల నడుమ పల్లాన్ని) అది రోజుల తరబడి వదిలివేయవచ్చు. తెలియకుండా వెనక్కు తగ్గితే మరునాడు అది ఆ పరిసరాల్లోనే మళ్లీ కనబడే అవకాశం చాలా ఎక్కువ. మనుషుల తాకిడి ఎక్కువగా ఉండే శని, ఆదివారాల కన్నా వారం మధ్యలో సెలవు పెట్టుకోగలిగితే జింకలు పడకలలో మరింత నిదానంగా ఉంటాయి. చంద్రుని దశలను బట్టి వేట గంటలు చూపే పట్టికల మీద మాత్రం నాకు నమ్మకం లేదు. గాలి, ఎండ, నీడ చెప్పినంత స్పష్టంగా అవి ఏమీ చెప్పవు.

తర్వాతి ఏడాది తుపాకి వేట కాలానికి ప్రయత్నిస్తే ఇదే పద్ధతి కొన్ని మార్పులతో పనికివస్తుంది. అక్టోబర్ చివర, నవంబర్‌లో ఎండ కోసం జింకలే దక్షిణపు వాలులకు వస్తాయి, చలిలో ఉదయం ఎక్కువ సేపు మేస్తాయి, మొదటి పడక ఆలస్యమవుతుంది, చోటు మార్చవలసిన అవసరం తగ్గుతుంది. నవంబర్ మధ్య నుంచి ఎదకాలం మొదలైతే మగజింక ఏ గంటకైనా తిరుగుతుంది. అప్పుడు పడుకున్న ఆడజింకల గుంపును కనిపెట్టి అక్కడే కాపు కాయడం మేలు. తుపాకి కాలంలో కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు దుస్తులు, అదే రంగు టోపీ కొలరాడోలో తప్పనిసరి. హెచ్1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారికి ఇంకొక సంగతి: వారు తుపాకి కలిగి ఉండడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది; అమెరికాలో జారీ అయి, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. మీ పరిస్థితి ఇదే అయితే తుపాకి కొనక ముందే న్యాయవాదిని అడగండి. ఇక్కడ నేర్చుకున్న దానిని సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ప్రయత్నించాలని ఎవరూ అనుకోకూడదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పి, కణితి, కృష్ణజింకల వేట శిక్షార్హమైన నేరం.

టెక్సాస్‌లోనో తూర్పు కొలరాడో మైదానాలలోనో వైట్‌టెయిల్ అనే మరో జాతి జింకను వేటాడేవారికి ఈ సమాధానం వర్తించదు. అది దట్టమైన పొదల నడుమ పడుకుంటుంది, దూరం నుంచి కనబడదు, పడక దగ్గరికి నడిచి వెళ్లడం దాదాపు ఎప్పుడూ దానిని పారదోలడమే అవుతుంది. దాని విషయంలో మధ్యాహ్నం 2, 3 గంటలకే వచ్చి, పడక చోటు నుంచి గాలి మీ వైపు వీచే చోట, అది మేతకు వెళ్లే దారి పక్కన చప్పుడు లేకుండా కూర్చుని, చివరి రెండు గంటల వెలుతురులో ఎదురుచూడాలి.

మధ్యాహ్నం వేటాడడం వల్ల కలిగే మరో లాభం బాణం తగిలిన తర్వాత తెలుస్తుంది. కొలరాడోలో సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకు వేట చట్టబద్ధమే. కానీ సాయంత్రం 7:30కు బాణం తగిలిన జింకను ఆ ఎత్తున, ఎలుగుబంట్లు తిరిగే చోట, టార్చి వెలుతురులో వెతకవలసి వస్తుంది. 2 గంటలకు తగిలితే, ఊపిరితిత్తులకు సరిగా తగిలిందని నమ్మకం ఉన్నా అరగంట ఆగి నెత్తుటి జాడ పట్టుకోవచ్చు. కాలేయానికి తగిలిందనిపిస్తే నాలుగు నుంచి ఆరు గంటలు ఆగవలసి ఉంటుంది, అప్పటికి కూడా కొంత వెలుతురు మిగిలే అవకాశం ఉంటుంది. సెప్టెంబర్ పగటి వేడిలో మాంసం త్వరగా పాడవుతుంది కాబట్టి జింక దొరికిన వెంటనే లైసెన్సుతో వచ్చే ట్యాగుపై సంతకం చేసి, చర్మం ఒలిచి, ముక్కలు చేసి, గాలి ఆడే గుడ్డ సంచుల్లో నీడన వేలాడదీయాలి; మగదా ఆడదా అని చూపే భాగం మాంసానికి సహజంగా అంటి ఉండేలా వదలడం నిబంధన. మ్యూల్ డీర్‌కు సోకి మెదడును దెబ్బతీసి చంపే క్రానిక్ వేస్టింగ్ వ్యాధిని మొట్టమొదట 1967లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లోనే గుర్తించారు, ఆ రాష్ట్రంలో అది ఇప్పటికీ విస్తరించి ఉంది. మీ జింక తలను రాష్ట్ర వన్యప్రాణి శాఖ అయిన కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ సేకరణ కేంద్రంలో పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చే వరకు ఆ మాంసాన్ని విడిగా గుర్తు వేసి ఫ్రీజర్‌లో ఉంచండి. వ్యాధి ఉన్నట్లు తేలితే దానిని తినకూడదు.